గజంకట్టె

నూరేండ్ల పుస్తకం వేయిస్తున్నడు మా అన్న నరహరి.
మెరిసే కాగితం, జరీ రంగు అంచు,
ముందు పుటల దుకాణం ఫోటో,
దాని ఎనక చరిత్ర.
"లెక్కలు నువ్వే చూస్తవు గద,
చరిత్ర గూడ నువ్వే రాయి" అన్నడు,
రెండూ ఒక్కటే అయినట్టు.

అటక మీది చిట్టాలు దింపిన.
ఎర్రగుడ్డ అట్టలు, పొడైపోయిన వేపాకు,
పురుగు కొరికిన ఫస్లీ సాలు.
పుట్టపాక నుంచి భుజాన మూటతో వచ్చి
రికాబ్‌గంజ్ సందుల అరుగు పట్టిన
రాపోలు అంబదాసు, మా ముత్తాత,
మొదటి పుటల రాసుకున్నది దేవుని పేరు కాదు:
"అరుగు కిరాయి రెండు రూపాయలు హాలీ.
దీపం నూనె, అణా."

కింద, వేరే సిరాతో:
"కూరపాటి లచ్చవ్వ. చీరెలు మూడు.
నూలు బాకి పోను చేతికి ఆరణాలు."
లచ్చవ్వ ఏ ఫోటోల లేదు.
పేరు మాత్రం పదకొండేండ్లు వస్తనే ఉంటది.
పన్నెండో ఏడు
బాకి కొడుకు పేరు మీద మొదలైతది.

పోలీస్ యాక్షన్ నెలల వారం దినాలు తెల్ల పుటలే.
ఎనిమిదో దినం:
"కోరా గుడ్డ, తొమ్మిది మందికి."
గజాలు రాసిండు. పైసల గడి ఖాళీ.
ఇది వేద్దామా అని అడిగితే
"పండుగ పుస్తకంల కఫన్ ముచ్చటెందుకు" అన్నడు అన్న.

మా ఇంట్ల అందరికి తెలిసిన కథ వేరే.
అంబదాసు గజం ఒక వేలు పొడుగు.
పెండ్లిల చెప్తరు, దినాలకు చెప్తరు,
సంచుల మీద గూడ అచ్చేసినం:
"గజానికి వేలెడు పైన."

ఆ గజం దొరికింది,
చిరిగిన థాను అట్టల ఎనక, బూజుల.
టేకు కట్టె. రెండు కొసలకు ఇత్తడి తొడుగు.
గిరెల గీతలు అరిగి
వేలికే తెలుస్తున్నయి, కంటికి కాదు.
టేపు పెట్టి చూసిన.
ముప్పై అయిదున్నర.
తిప్పి పెట్టిన.
ముప్పై అయిదున్నర.

కత్తెర యాదగిరి పదకొండేండ్లకు మా దుకాణంల చేరిండు.
ఇప్పుడు పని లేదు, అయినా పొద్దుగాల వచ్చి
గుమ్మం కాడ కుర్చేసుకుంటడు.
కట్టెను చూసి నవ్విండు.
"కురచనే బిడ్డా. పెద్దసేటుకు ఎరుకే.
కొసకు బొటనవేలు ఆనిచ్చి
వేలు అవతల కత్తెర పెట్టేటోడు.
కట్టె కాదు పొడుగు, చెయ్యి."

"మరి మా తాత?"

"మీ తాత జల్ది మనిషి.
కట్టెతోనే కోసిండు."

ఎన్నేండ్లని అడిగిన.
యాదగిరి జేబుల బీడీ ఎతుక్కున్నడు,
ఎతుక్కుంటనే ఉన్నడు.
"తర్వాత మీటర్లొచ్చినయి గద," అన్నడు ఆఖరికి,
"సర్కారు ముద్ర ఉన్న ఇనుప కడ్డీలు.
ఎవ్వని వేలుకూ పని లేకుండ పాయె."

నేను లెక్కల మనిషిని.
థానుకు నలభై గజాలు, గజానికి అరంగుళం.
థానుకొక జాకెటు ముక్క.
ఎవరెవరి ఇంట్ల
ఎన్ని జాకెట్లు చంక కాడ బిగుతైనయో,
పండుగ పూట ఏ తల్లి
దర్జీని తిట్టిందో, దర్జీ ఏ దేవునిమీద ఒట్టేసిండో
చిట్టాల లేదు.

సంచుల మీది మాట అట్లనే ఉంది.
చరిత్ర పుట నా బల్ల మీద ఇంకా తెల్లగనే ఉంది.

కట్టెను అద్దాల పెట్టెల పెట్టి
గల్లా మీద తగిలిద్దామన్నడు అన్న.
తీస్కపోయిన, చత్తాబజార్ల
ఫ్రేములు కట్టే హమీదుద్దీన్ కాడికి.
ఎంత పొడుగన్నడు.
ముప్పై అయిదున్నర అన్న.
"గజమనుకున్న" అన్నడు,
చెవిమీది పెన్సిల్ తీసి.
పలక మీద గీత గీసే ముందు
ఎందుకో కొసకు బొటనవేలు పెట్టి చూసుకున్నడు.
"ముప్పయ్యారున్నర కోస్తనమ్మా,
కొసన జరంత జాగ ఉండాలె."